అల్లం గోళీలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 62 ఏండ్లు. మోకాళ్లు, నడుము నొప్పులు. ఎవరో చెబితే అల్లం క్యాప్సూల్స్ తెచ్చాం, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది. డబ్బా మీద 'అల్లం సారం 500 మి.గ్రా., 10:1' అని ఉంది. మూడేండ్ల కింద గుండె వాల్వు మార్చారు, రక్తం పలచబడే గోళీ రోజూ వాడుతోంది. ఏమన్నా ఇబ్బందా?
– పాఠకురాలు, మర్రిగూడ

జవాబు: ఇబ్బందే. ఈ పూట నుంచే క్యాప్సూల్ ఆపించండి. వాల్వు గోళీ మాత్రం డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా మానొద్దు. వార్ఫరిన్, అసెనోకుమరాల్ లాంటి రక్తం పలచబరిచే మందులకు అల్లం మోతాదు తోడైతే రక్తం గడ్డకట్టడం మరీ ఆలస్యం కావచ్చు. ఈ వారంలోనే ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది) చేయించి, క్యాప్సూల్స్ వాడిన సంగతి డాక్టరుకు చెప్పండి. చిగుళ్ల నుంచి రక్తం కారినా, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలినా, మలం తారులా నల్లగా వచ్చినా అదే రోజు దవాఖానకు పోవాలి. కూరలో వేసే అల్లం ముద్దకు, చాయ్‌లో దంచి వేసే ముక్కకు భయపడాల్సిన పని లేదు.

ఇక ఆ 10:1 సంగతి. పది గ్రాముల శొంఠి నుంచి ఒక గ్రాము సారం తీశారని దాని అర్థం. అంటే 500 మి.గ్రా. క్యాప్సూల్ వెనక 5 గ్రాముల శొంఠి ఉంది, రెండు వేసుకుంటే పది. ఆరోగ్యవంతులకే రోజుకు 4 గ్రాముల శొంఠి మించొద్దంటారు. డబ్బా మీద '500' ఒక్కటే చూసి కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. పొడి నింపిందా, సారం నింపిందా చూడాలి. ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు ఉంటే తయారీదారుకు అనుమతి ఉందనే అర్థం, నొప్పి తగ్గుతుందని కాదు.

మోకాలి అరుగుదలకు అల్లం కొందరికి కొద్దిపాటి ఉపశమనమే ఇస్తుంది, అదీ కొన్ని వారాలు వాడితే. పైగా మీది మర్రిగూడ, నీళ్లలో ఫ్లోరైడ్‌కు పేరుపడ్డ ప్రాంతం. నొప్పులతోపాటు మెడ, నడుము బిగుసుకుపోయి వంగలేకపోతుంటే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే జబ్బు) ఏమో చూపించండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ముందు మార్చాల్సింది నీళ్లు. బోరు నీళ్లు తాగుతూ ఎన్ని అల్లం గోళీలు మింగినా ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ పోదు.

ప్రశ్న: నాకు మూడో నెల. వేవిళ్లతో ఏమీ నిలవడం లేదు. శొంఠి తినొచ్చా? వేడి చేస్తుందని అత్తమ్మ వద్దంటోంది.
– పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: మీ డాక్టరమ్మకు చెప్పి తినొచ్చమ్మా, కానీ లెక్క తప్పొద్దు. రోజు మొత్తానికి 1 గ్రాము శొంఠి పొడి, నాలుగు పూటలకు పంచుకోవాలి. చాయ్ చెంచాతో తలకొట్టి తీస్తే సుమారు 2 గ్రాములు వస్తుంది. అందులో సగం విడిగా పెట్టుకుని నాలుగు భాగాలు చేయండి. ఒక్కో భాగం గోరువెచ్చని నీళ్లలో కలిపి, రెండు బిస్కెట్లో కాస్త అటుకులో తిన్నాక తాగండి. పరగడుపున తాగితే గుండెల్లో మంట వస్తుంది. అత్తమ్మ 'వేడి' అనేది బహుశా ఈ మంటనే, ఆమెను కాదనకండి. ఇంతకుముందు గర్భం పోయినా, ఇప్పుడు రక్తపు మరక కనిపించినా శొంఠి జోలికి పోవద్దు. కాన్పు దగ్గరపడ్డాక కూడా వద్దు. నీళ్లు కూడా నిలవక, మూత్రం తగ్గి చిక్కని పసుపు రంగులో వస్తుంటే శొంఠి చాలదు, సెలైన్ కావాలి.

ప్రశ్న: శ్రీశైలం బస్సెక్కితే దోమలపెంట దగ్గర మలుపుల్లో వాంతులు. అల్లం గోళీ పని చేస్తుందా?
– పాఠకుడు, అచ్చంపేట

జవాబు: కొందరికి చేస్తుంది, కొందరికి చేయదు. బస్సెక్కే గంట ముందు శొంఠి పొడి క్యాప్సూల్ 1 గ్రాము, కొంచెం తిన్నాక వేసుకోండి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే గోళీ కూడా బయటికే వస్తుంది. వెనక సీటు వద్దు. షుగర్ గోళీలు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగాకే వేసుకోవాలి. ఆపరేషన్ తేదీ ఖాయమైతే రెండు వారాల ముందే ఆపేయాలి.