బేగంపేటలోని రోనాల్డ్ రాస్ భవనాన్ని ఎప్పుడైనా వెళ్లి చూడొచ్చా?

కుదరదు, లోపలికి వెళ్లాలంటే ముందే అనుమతి ఉండాలి. బ్రిటిష్ డాక్టర్ రోనాల్డ్ రాస్ మలేరియా మీద పరిశోధన చేసిన, పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న ఈ భవనం టికెట్ కొని తిరిగే మ్యూజియం కాదు. ఉస్మానియా యూనివర్సిటీ కింద ఉన్న పరాన్నజీవుల పరిశోధన సంస్థది. అందుకే నేరుగా గేటు దగ్గరికి పోతే బయటి నుంచే చూసి రావాల్సి వస్తుంది. ఉదాహరణకు, కాలేజీ విద్యార్థులను తీసుకెళ్లాలంటే ఎంతమంది, ఏ రోజు, ఎందుకు అన్నది లెటర్‌హెడ్ మీద రాసి యూనివర్సిటీకి ముందుగా ఇవ్వడం మంచిది. ఆగస్టు 20, ప్రపంచ దోమల దినం, అడగడానికి అనువైన సందర్భం.

చాలామంది మలేరియా క్రిమిని కనిపెట్టింది ఇక్కడే అనుకుంటారు. కాదు. దాన్ని 1880లోనే అల్జీరియాలో ఫ్రెంచ్ డాక్టర్ లావెరాన్ మనిషి రక్తంలో చూశాడు. రాస్ సికింద్రాబాద్‌లో చేసింది వేరే పని: రోగిని కుట్టిన దోమను నాలుగు రోజులు బతికించి, 1897 ఆగస్టు 20న కోసి చూస్తే కడుపు గోడలో నల్లటి చుక్కలున్న కణాలు కనిపించాయి. మర్నాడు కోసిన ఇంకో దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో పెరుగుతోందన్నమాట. 1902 నోబెల్‌కు దారి వేసింది ఇదే.