మునిగిన రైలు పెట్టెల్లో చేపల కాపురం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మాది కళింగపట్నం పక్కన చిన్న ఊరు. మొన్న ఫోన్‌లో ఒక వీడియో చూశాను. అమెరికాలో పాత మెట్రో రైలు పెట్టెల్ని బార్జి (సరుకు మోసే బల్లపరుపు పడవ) మీద తెచ్చి ఒక్కొక్కటే సముద్రంలోకి తోసేస్తున్నారు. చేపలు పెరగడానికట. మా తాతకి చూపిస్తే "గంగమ్మ కడుపులో సెత్త పోస్తారేట్రా" అని కోప్పడ్డాడు. నిజంగా చేపలు పెరుగుతాయా, పాత ఇనుము వదిలించుకోడానికి చెప్పే మాటా?

జవాబు: తమ్ముడూ, రెండూ నిజమే. మీ తాతగారి కోపంలో కూడా నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నువ్వు చూసినవి న్యూయార్క్ నగరంలో భూమి కింద తిరిగిన రైలు పెట్టెలు. 1960 ప్రాంతాల్లో తయారైనవి, ఎర్ర రంగు వేసి ఉండేవి కాబట్టి వాటిని రెడ్‌బర్డ్‌లు అనేవారు. కొత్త పెట్టెలు వచ్చాక వీటిని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. తుక్కుకి అమ్ముదామంటే గోడల్లో, నేలలో ఆస్బెస్టాస్ అనే ప్రమాదకరమైన రాతినార ఉంది, ఒడ్డు మీద దాన్ని జాగ్రత్తగా ఊడదీయడానికే బోలెడు ఖర్చు. అదే సమయంలో డెలావేర్ రాష్ట్రం వాళ్ళు మా సముద్రం అడుగు మొత్తం ఇసుకే, చేప నిలబడటానికి చోటు లేదు, ఆ పెట్టెలు మాకివ్వండి అన్నారు. 2001 ఆగస్టులో మొదటి విడత దించారు. తీరానికి సుమారు 16 నాటికల్ మైళ్ళ దూరంలో, ఎనభై అడుగుల లోతున, అంటే మన లెక్కలో పదమూడు బారల నీళ్ళలో. ఆ చోటుకి రెడ్‌బర్డ్ రీఫ్ అనే పేరు పడింది (రీఫ్ అంటే సముద్రం అడుగున చేపలు చేరే గట్టి దిబ్బ), అక్కడ ఒక్కచోటే ఏడు వందలకు పైగా పెట్టెలున్నాయి. 2010 వరకు ఆ తీరంలోని ఆరు రాష్ట్రాల సముద్రాల్లో మొత్తం 2,500కు పైగా దించారు.

ఇక చేపలెందుకు వస్తాయంటావా, అది నీకు నేను చెప్పాలా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ అరవై ఒక్క రోజులూ పడవల్ని ఒడ్డుకి లాగి బోర్లించి అడుగు గీకుతారు. రెండేళ్ళ కిందట మీ వైపే ఒక పడవ దగ్గర కూచుని చూశాను. పారలాంటి కత్తితో గీకుతుంటే తెల్లటి గుల్లలు పెళ్ళలు పెళ్ళలుగా రాలుతున్నాయి, ఒక్కో గుల్ల పెసరగింజంత నుంచి గోరంత, పట్టుకుంటే చెయ్యి కోసుకుపోయేంత పదును. ఆ గుల్లల సందుల్లో ఆకుపచ్చ పాచి, ఆ పాచిలో బియ్యపుగింజంత పీత పిల్లలు, వేలు పెడితే పక్కకి పరుగెత్తుతున్నాయి. పడవాయనకి అది విసుగు, బరువెక్కి ఇంజనుకి ఆయిలు ఎక్కువ తాగుతుందని. కానీ సముద్రంలో గట్టి వస్తువు ఏదున్నా జరిగేది అదే. నీళ్ళలో కొట్టుకొచ్చే గుల్లల పిల్లలకి, ఆలిచిప్పలకి, పాచికి అతుక్కోడానికి ఒక గట్టి చోటు కావాలి. ఇసుక మీద అతుక్కోలేవు, అల వస్తే ఇసుక కదిలిపోతుంది. ఇనుము గానీ రాయి గానీ దొరికితే నెలల్లోనే కప్పేస్తాయి. వాటిని తినడానికి పీతలు, చిన్న చేపలు, ఆ చిన్నవాటి కోసం పెద్ద చేపలు. రైలు పెట్టెకి కిటికీలు, తలుపులు తీసేస్తారు కాబట్టి లోపల గదులు గదులుగా నీడ ఉంటుంది, చేపపిల్ల దాక్కోవచ్చు, నీళ్ళు ఇటు నుంచి అటు పారుతుంటాయి. డెలావేర్‌లో బ్లాక్ సీ బాస్ అనే చేప అలా వచ్చి చేరింది. గాలం వేసేవాళ్ళు ఏటా వేలల్లో వెళ్తున్నారు.

అన్నీ బాగా జరిగాయనుకోకు. రెడ్‌బర్డ్‌లు మామూలు ఉక్కువి, పాతిక ముప్ఫై ఏళ్ళు నిలుస్తాయని అంచనా వేశారు. తర్వాత తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టెలు దించారు, ఇంకా ఎక్కువ నిలుస్తాయనుకున్నారు. 2008లో న్యూజెర్సీ వైపు వేసినవి నెలల్లోనే చాలామటుకు కూలిపోయి రేకులై పడ్డాయి, ఆ రాష్ట్రం ఇక వద్దంది. అడుగున పడ్డ రేకు చేపకి ఇల్లు కాదు, నీ తాత అన్నట్టు చెత్తే. అందుకే అంటున్నాను, ఆయన కోపం ఊరికే కాదు. ఏం వేశారు, ఎలా శుభ్రం చేసి వేశారు, ఎన్నాళ్ళు నిలుస్తుంది అనేవి చూడకుండా వేస్తే గంగమ్మ కడుపులో చెత్త పోసినట్టే.

ప్రశ్న: నేను విజయనగరంలో టీచర్ని. మా స్టేషన్ మీదుగా రోజూ ఎన్ని రైళ్ళు! పాతబడిన బోగీల్ని మన సముద్రంలో ఎందుకు దించరు సార్? పిల్లలు అడిగారు, జవాబు చెప్పలేకపోయాను.

జవాబు: మన రైల్వే పాత బోగీల్ని వేలం వేస్తుంది, ఆ ఉక్కు మళ్ళీ కరిగి కొత్త ఉక్కవుతుంది, డబ్బూ వస్తుంది. సముద్రంలోకి దించాలంటే బోగీలోని చెక్క, రబ్బరు, సీట్లు, వైర్లు, రంగు, కింద నూనె, గ్రీజు మరకలు అన్నీ తీసి కడగాలి, చక్రాల బళ్ళు విప్పాలి, రేవుకి తేవాలి, బార్జి కట్టాలి. అంత చేసి వేసేది మూడు పదుల ఏళ్ళు నిలిచే ఇనుము. ఆ ఖర్చుతో కాంక్రీటు దిమ్మలు పోసుకోవచ్చు. మన దేశంలో చేస్తున్నది అదే. కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు త్రికోణపు దిమ్మలు, బావి వరల్లాంటి దిమ్మలు, వాటికి కన్నాలు పెట్టి తయారు చేయించి తమిళనాడు తీరంలో చాలా ఏళ్ళుగా దింపుతున్నారు. వాళ్ళ కేంద్రం ఒకటి మన విశాఖపట్నంలోనే ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో కూడా ఈ కృత్రిమ రీఫ్‌లకి డబ్బు పెట్టారు. పిల్లలకి ఇంకో మాట చెప్పండి, బారువ దగ్గర సముద్రంలో చిల్కా అనే ఓడ మునిగి వందేళ్ళు దాటింది. దాన్ని రీఫ్ చేద్దామని ఎవరూ ముంచలేదు. అయినా గుల్లలకి, చేపలకి అది ఇల్లే.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది సోంపేట. ఇంట్లో వారానికి నాలుగు రోజులు చేపల పులుసే. ఇనుము తుప్పు పట్టిన చోట, రంగులు కరిగిన చోట పెరిగిన చేప తింటే పిల్లలకి ఏమీ కాదా? నాకు అదే టెన్షన్.

జవాబు: అమ్మా, ఇనుము తుప్పుకి భయపడక్కర్లేదు. భయపడాల్సింది పాత నూనెలు, గ్రీజు, కొన్ని పాత రంగులు, పాత కరెంటు వైర్ల పైతొడుగుల్లో వాడిన పీసీబీ అనే రసాయనాలకి. అవి నీళ్ళలో కరిగిపోయే రకం కాదు, చేప కొవ్వులో చేరి ఉండిపోతాయి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి, అక్కణ్ణుంచి మనకి. 2006లో అమెరికావాళ్ళు ఒరిస్కనీ అనే పెద్ద యుద్ధ విమాన వాహక నౌకని ఫ్లోరిడా దగ్గర రీఫ్ కోసం ముంచినప్పుడు ఈ పీసీబీల గురించే పెద్ద గొడవ జరిగింది. రైలు పెట్టెల విషయంలో అయితే మోటార్లు, చక్రాలు, సీట్లు, గ్రీజు పట్టిన భాగాలన్నీ ఊడదీసి ఆవిరితో కడిగి వేశారు. ఆస్బెస్టాస్ మాత్రం అలాగే వదిలేశారు, అది దుమ్ముగా ఊపిరితిత్తుల్లోకి పోతేనే ప్రమాదం, నీళ్ళలో తడిగా ఉంటే కాదు అన్నారు. న్యూజెర్సీవాళ్ళు ఆ మాట మొదట్లో ఒప్పుకోలేదు. నన్నడిగితే నేనూ ఒప్పుకోను, మన తీరంలో మాత్రం వద్దు. కాంక్రీటు దిమ్మల దగ్గర పట్టిన చేపకి మీరు దిగులు పడకండి, పులుసు పెట్టుకోండి.

ప్రశ్న: మా కుర్రాళ్ళు లారీ టైర్లు పోగుచేసి తాళ్ళతో కట్టి ఊరెదుట సముద్రంలో వేద్దామంటున్నారు. ఖర్చు లేదు కదా?

జవాబు: వద్దు బాబూ, దయచేసి ఆపండి. 1972లో ఫ్లోరిడాలో సరిగ్గా ఇదే చేశారు, ఆస్‌బోర్న్ రీఫ్ అని పేరు పెట్టి దాదాపు ఇరవై లక్షల టైర్లు వేశారు. కట్లు తెగాయి. తుపాను వచ్చినప్పుడల్లా టైర్లు దొర్లి పక్కనున్న సహజమైన పగడాల మీద పడి వాటినీ నలిపేశాయి. 2007 నుంచి సైనిక డైవర్లు దిగి ఒక్కొక్కటీ తీయాల్సొచ్చింది. 2018లో తిత్లీ తుపాను మన దగ్గర ఏం చేసిందో చూశారు కదా, కొబ్బరి చెట్లనే నిలవనివ్వలేదు. తాళ్ళతో కట్టిన టైర్లెంత?

ప్రశ్న: నాది భోగాపురం వైపు ఊరు, ఫైబరు పడవ, పదిహేనేళ్ళుగా వేట. మా తమ్ముడు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోటు మీద కూలి చేస్తున్నాడు. ఇక్కడ చేపల కోసం కాంక్రీటు దిమ్మలు వేస్తే అతను తిరిగి రావచ్చా? అధికారులు అడిగితే మేం ఒప్పుకోవాలా వద్దా?

జవాబు: నాకొచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువ సేపు కూచోబెట్టింది ఇదే. వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుర్రాళ్ళు 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ ఇళ్ళకి రాలేదు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏడాదికి పైగా ఎలా గడిపారో మనకి తెలుసు. అందుకే ఊరి ముందు చేప నిలిస్తే అంతకంటే ఏం కావాలి అని నాకూ అనిపిస్తుంది. కానీ తొందరపడి ఊఁ అనకండి, ముందు కొన్ని సంగతులు వినండి.

కవ్వళ్ళు, కానాగంతలు గుంపులుగా తిరిగే చేపలు, వాటికి ఇల్లు అక్కర్లేదు, దిమ్మల వల్ల వాటి వేట పెద్దగా మారదు. రాళ్ళ సందుల్లో ఉండే చేపలు, వాటి కోసం వచ్చే పార, వంజరం లాంటివి గాలానికి దొరుకుతాయి. అంటే గాలం వేసే చిన్న పడవకి లాభం, పెద్ద వలకి కాదు. నా మనసులో మాట చెప్తాను, దిమ్మల వల్ల మనకి జరిగే పెద్ద మేలు చేప పుట్టడం కాదు, మరబోటు ఈడ్పు వల అక్కడికి రాలేకపోవడం. అడుగుని ఊడ్చుకుపోయే ఆ వల దిమ్మకి తగిలితే చిరిగిపోతుంది, అది వాళ్ళకీ తెలుసు. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని మన రాష్ట్ర చట్టం 1994 నుంచీ చెప్తోంది. రాత్రిపూట ఎవరు కాపలా? దిమ్మ కాస్తుంది.

కానీ అదే దిమ్మకి మీ వల కూడా తగులుతుంది. వేల రూపాయలు పోసి కొన్న వల చిక్కుకుపోతే ఆ నష్టం మీదే, పైగా అక్కడ చిక్కుకున్న వల చేపల్ని, తాబేళ్ళని చంపుతూనే ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు అలాంటి వలలో పడితే గాలి పీల్చుకోడానికి పైకి రాలేక చచ్చిపోతుంది. కాబట్టి దిమ్మలు ఎక్కడ పడతాయో ముందే ఊళ్ళన్నిటికీ తెలియాలి, ఆ చోటు ప్రతి పడవ జీపీఎస్‌లో ఉండాలి. చోటు ఎంచుకునేటప్పుడు మీ పెద్దవాళ్ళని పడవెక్కించండి. ఏ కొండ ఏ తాటిచెట్టుకి ఎదురొస్తే కింద ఇసుక, ఎక్కడ బురద, ఎక్కడ రాయి అని వాళ్ళకి తెలిసినంత మ్యాపులకి తెలియదు. నది మొగ దగ్గర మాత్రం వద్దు, వరదకి ఒండ్రు వచ్చి దిమ్మలు పూడిపోతాయి.

ఇంకొకటి, దిమ్మల దగ్గర చేప పోగవుతుంది, ఆ పోగైన చేపని రింగు వల (గుంపు చుట్టూ తిప్పి అడుగు బిగించే వల) వేసి ఒక్క రాత్రిలో ఊడ్చేస్తే పరిస్థితి మునుపటికంటే అధ్వాన్నమవుతుంది. చుట్టూ గాలమే వెయ్యాలి, వల వెయ్యకూడదు అని పక్క ఊళ్ళతో కలిసి కాగితం మీద రాసుకోండి, సంతకాలు పెట్టించండి. సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి, మీ సహకార సంఘం పెద్దల్ని కూచోబెట్టి ఆ కాగితం ముందు, దిమ్మలు తర్వాత అనండి. ఆ సంతకాలు పడితే ఒప్పుకోండి, లేకపోతే వద్దనండి.

మీ తమ్ముణ్ణి మాత్రం దిమ్మలు పడ్డ మర్నాడే రమ్మనకండి. గుల్ల పట్టి, పాచి పట్టి, చేప కాపురం పెట్టడానికి కనీసం ఒకటి రెండు సీజన్లు చూడాలి. ఈసారి నిషేధం రోజుల్లో ఇంటికి వస్తాడుగా, అప్పుడు పెద్దవాళ్ళతో పాటు అతన్నీ పడవలో ఎక్కించుకుని ఆ చోటు చూపించండి.