బూజు పట్టిన శెనక్కాయలు వేయిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయ పీకి కుప్ప వేశాక వానకు తడిసింది. ఆరబెట్టి సంచులకెత్తాం. ఇప్పుడు ఒలుస్తుంటే కొన్ని గింజల మీద ఆకుపచ్చ బూజు కనిపిస్తోంది. వేయించి ఊరిబిండి నూరితే ఏమీ కాదని అత్తమ్మ అంటున్నారు. పాడైనవి ఆవుకు పెడుతున్నాం. మామయ్యకు హెపటైటిస్-బి ఉంది. టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ. - ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: వేయిస్తే బూజు చస్తుందమ్మా. అది గింజలోకి వదిలిన అఫ్లటాక్సిన్ అనే విషం మాత్రం పొయ్యి మీది వేడికి కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని, కామెర్లు వచ్చి వంద మందికి పైగా చనిపోయారు. ఒకటి రెండుసార్లు ఊరిబిండి తిన్నంత మాత్రాన మీకు అలా అవుతుందని కాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లోకి చేరితే కాలేయ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది.

విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి ఏరేస్తే చాలావరకు తగ్గుతుంది. చేదు తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయండి. ముక్కవాసన కొట్టే సంచిని మాత్రం ఏరుతూ కూర్చోవద్దు, మొత్తం గుంత తీసి పూడ్చండి. గానుగకూ పంపొద్దు. విషం ఎక్కువగా చెక్కలోనే మిగులుతుంది, ఆ చెక్క మళ్లీ పశువుల తొట్టిలోకే వస్తుంది.

ఆవు సంగతి అత్తమ్మకు గట్టిగా చెప్పండి. అది తిన్న విషంలో కొంత ఒకటి రెండు రోజుల్లోనే పాలలోకి దిగుతుంది, కాచినా పోదు. పెట్టడం ఆపేస్తే కొద్ది రోజుల్లో పాలు బాగుపడతాయి. అందాకా ఆ పాలు పిల్లలకు పట్టకండి.

వచ్చే పంటకు కాయను ఊపితే గింజ గలగలమనేదాకా, అంటే తేమ 8 శాతం లోపుకు వచ్చేదాకా ఆరబెట్టండి. మిషన్‌లో ఒలిపించేటప్పుడు గింజ పగలకూడదని నీళ్లు చల్లుతారు చూడండి, అది వద్దు. చేతులారా బూజును పిలిచినట్టే.

మామయ్య విషయంలో ఆలస్యం వద్దు. హెపటైటిస్-బికి ఈ విషం తోడైతే క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. లివర్ ఫంక్షన్ టెస్ట్, కడుపు స్కానింగ్ చేయించండి. కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా, పొట్ట ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో మిగతావాళ్లంతా హెపటైటిస్-బి రక్తపరీక్ష చేయించుకుని, లేదని తేలితే, ఇదివరకు టీకా వేయించుకోనివాళ్లు మూడు డోసులూ వేయించుకోండి.