ఎమ్మెస్సీ క్లాసికల్ మెకానిక్స్: డెరివేషన్లు వచ్చినా లెక్కలు ఎందుకు రావడం లేదు?

వస్తువుల కదలికను బలాలకు బదులు శక్తులతో లెక్కించే లగ్రాంజ్ సమీకరణాల డెరివేషన్ చూడకుండా రాయగలుగుతున్నా, కొత్త లెక్క ఇస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని మీరు రాశారు. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్‌లో నా పరిస్థితీ ఇదే. న్యూటన్ నియమాన్నే మరో రూపంలో చెప్పే డిఎలాంబర్ట్ సూత్రం నుంచి లగ్రాంజ్ సమీకరణాల దాకా తడుముకోకుండా రాసేదాన్ని. తిరుగుతున్న వలయం మీద పూస లెక్క పరీక్షలో వచ్చినప్పుడు మాత్రం, డిగ్రీలో అలవాటైనట్టు బలాలన్నిటికీ బాణాలు గీసి, వలయం పూసను నెట్టే బలం ఎంతో తెలియక అక్కడే ఆగిపోయాను. ఆ బలంతో మనకు పని లేకుండా చేయడానికే లగ్రాంజ్ పద్ధతి ఉందన్న సంగతి, నాలుగు పేజీల డెరివేషన్ కంఠస్థం చేసినా నాకు తట్టలేదు.

మీరూ ఆ లెక్కతోనే మొదలుపెట్టండి. నిలువుగా ఉన్న తీగ వలయాన్ని మోటారు దాని నిలువు వ్యాసం చుట్టూ ఒకే వేగంతో తిప్పుతోంది, దాని మీద పూస ఘర్షణ లేకుండా జారుతోంది. పూస ఎక్కడుందో చెప్పడానికి అడుగు నుంచి కొలిచిన ఒక్క కోణం చాలు. వలయం వెంట జారడం వల్ల, వలయంతో పాటు తిరగడం వల్ల వచ్చే గతిజశక్తులను కూడి, స్థితిజశక్తిని తీసివేస్తే లగ్రాంజియన్ సిద్ధం. ఆపైన సమీకరణం నాలుగైదు వరుసల్లో వచ్చేస్తుంది. నేను అక్కడితో లెక్క అయిపోయిందనుకునేదాన్ని. "మరి పూస ఎక్కడ నిలుస్తుంది?" అని ఒక సీనియర్ అడిగిన తర్వాతే సమీకరణాన్ని మళ్లీ చూశాను. వలయం వ్యాసార్ధం 10 సెంటీమీటర్లయితే, నిమిషానికి దాదాపు 95 చుట్ల వరకు పూస అడుగునే ఉంటుంది. అది దాటితే అడుగు స్థానం అస్థిరమై, పూస పక్కకు ఎక్కి నిలుస్తుంది. వేగం రెట్టింపయితే ఆ కోణం సుమారు 75.5 డిగ్రీలు, ఎంత వేగంగా తిప్పినా 90 డిగ్రీలకు మాత్రం చేరదు. కాగితం మీద ఇది తేలిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత హామిల్టోనియన్ కూడా రాయండి, అంటే లగ్రాంజియన్ నుంచే, వేగాలకు బదులు ద్రవ్యవేగాలతో రాసే రాశి. అందులో కాలం నేరుగా కనిపించదు కాబట్టి దాని విలువ మారదు. కాని అది మొత్తం శక్తి కాదు, ఎందుకంటే తిరగడం వల్ల వచ్చే పదం అందులో రుణ గుర్తుతో ఉంటుంది. పూస పైకి జారుతున్నప్పుడు వలయం వేగం తగ్గకుండా మోటారు పని చేస్తూనే ఉండాలి, అందుకే పూస మొత్తం శక్తి మారుతూ ఉంటుంది. హామిల్టోనియన్ అంటే మొత్తం శక్తేనని బట్టీ పట్టి నేను మార్కులు పోగొట్టుకున్నది ఇక్కడే.

పాక్షిక అవకలనంలో (పార్షియల్ డిఫరెన్షియేషన్) చేయి తిరగకపోతే ముందు ఒక వారం దానికే కేటాయించండి. ఆపైన అదే లెక్కలో మోటారు తీసేసి, వలయాన్ని స్వేచ్ఛగా తిరగనివ్వండి. అప్పుడు స్థానాన్ని చెప్పే నిరూపకాలు రెండవుతాయి, వలయం తిరిగిన కోణం లగ్రాంజియన్‌లో కనిపించదు, నిలువు అక్షం చుట్టూ కోణీయ ద్రవ్యవేగం స్థిరంగా ఉంటుంది, హామిల్టోనియన్ మొత్తం శక్తికి సమానమవుతుంది. రెండు లెక్కలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన చేసి, ఏ వరుస దగ్గర తేడా మొదలైందో గుర్తుపట్టండి.