పలు దేశాలకు కలిపి ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎలా మొదలుపెడతారు?

దీనికి బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్ మంచి ఉదాహరణ. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా కలిసి 2019 ఫిబ్రవరిలో దీన్ని ప్రకటించాయి. డబ్బు, ప్రచారం ఎన్‌బీఏ చూసుకోగలదు కానీ, ఫిబా తోడు లేకుండా దేశవాళీ సమాఖ్యలను, క్లబ్బులను ఒక తాటి మీదికి తేవడం చాలా కష్టం.

అసలు తెలివంతా జట్ల ఎంపికలో ఉంది. కొత్త ఫ్రాంచైజీలు అమ్మలేదు. అప్పటికే అభిమానులున్న క్లబ్బులనే తీసుకున్నారు. మొత్తం 12 జట్లు. అంగోలా, ఈజిప్ట్, మొరాకో, నైజీరియా, సెనెగల్, ట్యునీషియా దేశాల ఛాంపియన్లకు నేరుగా చోటిచ్చి, మిగతా ఆరింటిని అర్హత పోటీల ద్వారా ఎంచుకున్నారు. దీంతో ఏ దేశపు లీగూ విలువ కోల్పోదు, పైగా అక్కడ గెలవడానికి ఇంకో కారణం దొరుకుతుంది. విదేశీ ఆటగాళ్ల సంఖ్యకు కూడా పరిమితి పెట్టారు. నా దృష్టిలో ఇది చాలా అవసరం. లేకపోతే డబ్బున్న క్లబ్బులు బయటివాళ్లతోనే జట్టు నింపేస్తాయి.

పెద్ద టెన్షన్ ప్రయాణాలది. ఖండం అంతా ఇంటా బయటా మ్యాచ్‌లంటే విమానాలు, వీసాల ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే జట్లన్నిటినీ కొద్ది నగరాల్లోనే ఆడించాలనుకున్నారు. 2020 మార్చిలో సెనెగల్ రాజధాని డాకర్‌లో మొదలవ్వాల్సిన తొలి సీజన్ కోవిడ్ వల్ల ఆగిపోయింది. చివరికి 2021 మేలో అన్ని మ్యాచ్‌లూ రువాండా రాజధాని కిగాలిలోనే జరిగాయి, ఈజిప్ట్ క్లబ్ జమాలెక్ గెలిచింది. 2022లో డాకర్, కైరో, కిగాలి మూడూ ఆతిథ్యమిచ్చాయి.

కొత్తగా లీగ్ పెట్టాలనుకునేవాళ్లు కూడా ఇలాగే ఒక్క వేదికతో మొదలుపెట్టి, తట్టుకోగలమని తేలాకే నగరాలు పెంచుకోవడం మేలు.