పాత కారు వైరింగ్ పని నేర్చుకుంటానంటున్న కొడుకును ఆపాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఆటోమొబైల్ డిప్లొమా పూర్తి చేశాడు. మూడు నెలల ఎలక్ట్రిక్ వాహనాల సర్టిఫికెట్ కోర్సులో చేరమంటే వినకుండా, ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పని నేర్చుకుంటానంటున్నాడు. మా పాత కారు తలుపు అద్దం ఒకసారి దిగి, ఒకసారి మొరాయిస్తుంటే రెండు రోజులు దాని దగ్గరే కూర్చున్నాడు. చివరికి తేలింది ఒక్క తీగ తెగిందని! ఈ రెండు దారులలో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పోల్చమని అడిగారు గానీ, చదివించి చివరికి మెకానిక్‌ను చేశారని నలుగురూ అంటారేమోనన్న బెంగే మీ ఉత్తరంలో ఎక్కువగా కనిపిస్తోంది. అది మీ బెంగ. దాని బరువు అబ్బాయి మీద వేయకండి.

ఒక్క తీగకు రెండు రోజులా అని మీరు ఆశ్చర్యపోయారు. తీగను అతికించడానికి పది నిమిషాలు చాలు. అది ఎక్కడ తెగిందో తెలుసుకోవడమే అసలు పని. తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వెళ్లే తీగలు తలుపు తీసిన ప్రతిసారీ వంగుతాయి కాబట్టి, ఏళ్లు గడిచాక పైపొర చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. ఒక్క పోగు మిగిలి ఉన్నా మల్టీమీటర్ (వోల్టేజ్, కరెంటు కొలిచే మీటరు) కంటిన్యుటీ ఉందనే, అంటే తీగ తెగలేదనే చెబుతుంది, మోటారుకు కావలసినంత కరెంటు మాత్రం అందదు. అందుకే తెలిసినవాడు మోటారు నడుస్తుండగా తీగ రెండు కొసల మధ్య ఎంత వోల్టేజ్ పడిపోతోందో కొలుస్తాడు, ఎర్త్ వైపు, అంటే తీగ కారు బాడీకి కలిసే చోట, తుప్పు పట్టిందేమో కూడా అలాగే చూస్తాడు. తెలియనివాడు ముందు మోటారు మారుస్తాడు, ఆ తరువాత స్విచ్ మారుస్తాడు, రెండింటికీ మీ చేత డబ్బు కట్టిస్తాడు. మీ అబ్బాయి ఏ భాగాన్నీ అనవసరంగా మార్చలేదని గమనించారా?

ఇక ఎలక్ట్రిక్ కోర్సు సంగతి. ఆ రంగం మీద నాకు అనుమానం లేదు, అనుమానమంతా మూడు నెలల సర్టిఫికెట్ల మీదే. బ్యాటరీ బొమ్మలు తెర మీద చూపించి, ఒక్క చెడిపోయిన కారునైనా విద్యార్థి చేతికివ్వని కోర్సులలో చేరి తిరిగి నా దగ్గరకే వచ్చినవారిని చూశాను. చేరే ముందు ఒక్క మాట అడగండి: మీటరు చేతిలో పట్టుకుని విద్యార్థి ఎన్ని గంటలు పనిచేస్తాడు? సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. ఎలక్ట్రిక్ కార్ల నారింజ రంగు కేబుళ్లలో సుమారు 400 వోల్టులు, కొన్ని కార్లలో 800 వోల్టుల దాకా ఉంటుంది; అరకొర చదువుతో వాటి జోలికి వెళ్లడం ప్రాణాలతో చెలగాటమే.

పైగా ఎలక్ట్రిక్ కారులోనూ దీపాలు, తాళాలు, అద్దాలు, కంప్యూటర్లు ఎక్కువగా 12 వోల్టుల వైరింగ్ మీదే నడుస్తాయి. ఆ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని బాష్ సంస్థ 1986లో ప్రకటించింది; అదే పద్ధతి ఈనాటి కార్లలోనూ ఉంది. పాత కారులో తెగిన తీగను వెతకగలిగినవాడికి కొత్త కారు పరాయిది కాదు. హై వోల్టేజ్ శిక్షణ రెండేళ్ల తరువాత తీసుకున్నా అతనికి ఆలస్యమేమీ కాదు.

కష్టాలు లేవని చెప్పను. మొదట్లో సంపాదన తక్కువగా ఉంటుంది, డాష్‌బోర్డు కింద తలకిందులుగా పడుకుని నడుము పట్టేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం గురువు ఎంపిక. ఫ్యూజు పదేపదే పోతుంటే కారణం వెతకకుండా అంతకంటే పెద్ద ఫ్యూజు వేసే మనిషి దగ్గర మాత్రం చేర్చకండి, ఎందుకంటే ఆ తరువాత కాలేది తీగే, ఒక్కోసారి కారే.

ఈ సాయంత్రం ఆ అతుకు ఎలా వేశాడో చూపించమని అబ్బాయిని అడగండి. వంగే చోటుకు దూరంగా కొత్త తీగ ముక్కను క్రింపింగ్‌తో (లోహపు తొడుగులో పెట్టి నొక్కి) బిగించి, పైన హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) తొడిగి ఉంటే అతనికి పని అప్పుడే కొంత వచ్చినట్లే. తెగిన చోటే మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే అది మళ్లీ తెగుతుంది, అప్పుడు నన్ను అడగకుండా నేరుగా ఆ ఎలక్ట్రీషియన్ దగ్గరకే పంపండి.