పాత క్యాసెట్లను ఫోన్‌లోకి ఎక్కించడానికి ఏ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి?

అడిగినది ఇదీ: "ఇంట్లో పాత పాటల క్యాసెట్లు నలభై దాకా ఉన్నాయి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి ఫోన్‌కి వైరు కలిపి రికార్డ్ చేస్తే పాట దుప్పటి కప్పినట్టు మందంగా, మోనోలో వస్తోంది. మంచి ఇంటర్‌ఫేస్ కొంటే బాగుపడుతుందా?"

ఇంటర్‌ఫేస్ అంటే బయటి శబ్దాన్ని అంకెల్లోకి మార్చి యూఎస్‌బీ గుండా ఫోన్‌కి పంపే చిన్న డబ్బా. దానితో మోనో సంగతి, అంటే ఎడమ కుడి ఒకటైపోయే సంగతి, బాగుపడుతుంది. మందం మాత్రం ఎంత ఖరీదైన ఇంటర్‌ఫేస్ కొన్నా పూర్తిగా పోదు. అది పోవాలంటే టేప్ రికార్డర్ హెడ్ (టేపు మీది పాటను చదివే లోహపు ముక్క) పక్కనున్న చిన్న స్క్రూ తిప్పాలి. దాని దగ్గరికి తర్వాత వద్దాం, ముందు వైరు సంగతి.

మీ వైరు చివరి పిన్ను చూడండి. దాని మీద రెండు నల్ల గీతలుంటే అది ఉత్త స్టీరియో పిన్ను, మైకు దారి లేనిది. మూడుంటే మైకుతో కలిసిన హెడ్‌సెట్ పిన్ను. ఫోన్ జాక్‌లోకి ఏ శబ్దం వెళ్ళాలన్నా ఆ మైకు దారినే వెళ్ళాలి, ఆ దారి ఒక్కటే, అదీ మోనో. పైగా మైకు నుంచి కొన్ని మిల్లీవోల్టులే వస్తాయని ఫోన్ అనుకుంటుంది. హెడ్‌ఫోన్ జాక్ నుంచి వందల మిల్లీవోల్టులు వచ్చి పడతాయి. అందుకే వాల్యూమ్ కాస్త పెంచగానే గొంతు పగులుతుంది. ఫోన్‌లోని మామూలు వాయిస్ రికార్డర్ యాప్ మాటల కోసం తయారైంది కాబట్టి మెల్లగా సాగేచోట తనంతట తానే స్థాయి పెంచుతుంది, తాళవాద్యం పడగానే అణిచేస్తుంది. పాట ఊపిరి పీల్చి వదులుతున్నట్టు వినిపిస్తే కారణం ఇదే.

కాబట్టి ఇంటర్‌ఫేస్ కావాలి, అయితే పెద్దది అక్కర్లేదు. రెండు లైన్ ఇన్‌పుట్లు (మైకుకు కాక టేప్ రికార్డర్ లాంటి పరికరాలకు ఉద్దేశించినవి) ఉండాలి, డ్రైవర్ ఎక్కించకుండా పనిచేసే క్లాస్ కంప్లయంట్ రకమై ఉండాలి. ఆండ్రాయిడ్ 5.0 నుంచి, అంటే 2014 నుంచి, ఇలాంటివాటికి ఫోన్‌లోనే మద్దతు ఉంది. ఐఫోన్ 15 నుంచి యూఎస్‌బీ-సీ వచ్చేసింది కనుక నేరుగా పెట్టుకోవచ్చు. అంతకు ముందు ఐఫోన్లకు లైట్నింగ్ నుంచి యూఎస్‌బీకి మార్చే కెమెరా అడాప్టర్ కావాలి, అందులోనూ చార్జర్ పెట్టుకునే రంధ్రం ఉన్న రకమే తీసుకోండి. ఇంటర్‌ఫేస్ వెలిగి ఆరిపోతుంటే, లేదా ఎక్కువ కరెంటు అడుగుతోందని ఫోన్ మొరాయిస్తే, పరికరం పాడైందని తిరిగి పంపేయకండి. మధ్యలో సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెడితే చాలు.

ఎక్కువమంది తప్పు చేసేది వైరు దగ్గర. మీకు కావలసింది ఒక వైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండో వైపు రెండు విడివిడి 6.35 మిల్లీమీటర్ల మోనో పిన్నులు ఉన్నది. ఎడమది మొదటి ఇన్‌పుట్‌కి, కుడిది రెండోదానికి. అలా కాక రెండు వైపులా ఒక్కో స్టీరియో పిన్ను ఉన్న వైరు తెచ్చి బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ఒక వింత జరుగుతుంది. ఆ ఇన్‌పుట్ ఎడమలోంచి కుడిని తీసేసి మిగిలినదే తీసుకుంటుంది. గాయకుడి గొంతు రెండు వైపులా సమానంగా ఉంటుంది కదా, అది పూర్తిగా మాయమై వాద్యాల అంచులూ ప్రతిధ్వనీ మాత్రం మిగులుతాయి. "క్యాసెట్‌లో గొంతు చెరిగిపోయింది" అని బెంగపడేవాళ్ళలో చాలామందిది ఈ వైరు గొడవే.

ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల మీట (మైకుకు కరెంటు పంపేది), గిటార్ మీట రెండూ ఆపేయండి. టేప్ రికార్డర్‌లో బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేసి వాల్యూమ్ సగానికి పెట్టండి. వేరే పరికరానికి శబ్దం పంపే లైన్ అవుట్ రంధ్రం ఉంటే హెడ్‌ఫోన్ జాక్ జోలికే పోవద్దు. బంగారు పూత వైర్ల గురించి అడగకండి. పాట కంటే 50 డెసిబెల్స్ దిగువనే బుస్సుమనే క్యాసెట్‌కి ఆ పూతతో ఒరిగేదేమీ లేదు. నేరుగా యూఎస్‌బీలో పెట్టుకునే చవక క్యాసెట్ కన్వర్టర్లు అయితే మరీ దండగ: బలంలేని మోటారు, ఊగే వేగం, పైగా మీకు కావలసిన స్క్రూ దగ్గరికి స్క్రూడ్రైవర్ పోయే దారే చాలావాటిలో ఉండదు.

ఇప్పుడు ఆ స్క్రూ.

క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ ధ్వనికి టేపు మీద ఒక్కో తరంగానికి దొరికే చోటు 4.76 మైక్రాన్లు. ఎడమ, కుడి ట్రాకుల నడిమి గీతల మధ్య దూరం సుమారు 0.9 మిల్లీమీటర్లు. హెడ్ 0.15 డిగ్రీ వాలిందనుకోండి, కంటికి ఆనదు. ఆ వాలుకే ఒక ట్రాకు రెండోదానికంటే సరిగ్గా అర తరంగం వెనకబడుతుంది. స్టీరియోగా విన్నంతసేపు నష్టం రెండు డెసిబెల్స్ లోపే, చెవికి పెద్దగా తెలియదు. రెంటినీ కలిపి మోనో చేశారా, ఒకటి పైకి లేచేటప్పుడు రెండోది కిందికి దిగి 10 కిలోహెర్ట్జ్ దగ్గర రెండూ చెరిపేసుకుంటాయి. తాళాల మోత, "స", "ష" అక్షరాల పదును అన్నీ ఆ పరిసరాల్లోనే ఉంటాయి. మీ వైరు రెండు చానెళ్ళనూ ఒక్క మైకు తీగకు కలిపే రకమైతే దుప్పటి కప్పింది అదే. వాలు ఇంకా రెట్టింపైతే స్టీరియోలో కూడా ఏడెనిమిది డెసిబెల్స్ పోతాయి, ఇక ఏ ఇంటర్‌ఫేసూ కాపాడలేదు.

తిప్పడానికి ముందు శుభ్రం చేయాలి, లేకపోతే మురికిని వాలు అనుకుని మోసపోతారు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల తడిపి హెడ్ ముఖాన్నీ, టేపును లాగే ఉక్కు కడ్డీ క్యాప్‌స్టన్‌నూ గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవండి. టేపును ఆ కడ్డీకి నొక్కే రబ్బరు చక్రం పించ్ రోలర్‌ను తడి తక్కువగా, తేలిగ్గా. గోళ్ళరంగు తీసే ద్రవం మాత్రం వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. ఐదు నిమిషాలు ఆరనివ్వండి. రోలర్ గాజులా మెరుస్తూ గట్టిపడి ఉంటే తుడిచి లాభం లేదు, మార్చాల్సిందే. టేపును నమిలేది సాధారణంగా అదే.

హెడ్‌కు రెండు పక్కలా రెండు స్క్రూలుంటాయి. కింద స్ప్రింగ్ ఉన్నదే మనది, రెండోదాన్ని ముట్టొద్దు. చాలా టేప్ రికార్డర్లలో క్యాసెట్ తలుపు పై మూత తీస్తే, పాట నడుస్తుండగానే ఆ స్క్రూ అందుతుంది. స్క్రూడ్రైవర్ అయస్కాంతం పట్టినది కాకూడదు. మొదట స్క్రూ తల మీద, పక్కన లోహం మీద కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. దారి తప్పితే ఇంటికి రావడానికి అది.

పాట పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉన్న మోనో ఆడియోను ఆన్ చేసి, రికార్డింగ్ యాప్ గుండా వినండి. కొన్ని ఇంటర్‌ఫేస్‌లలో, వచ్చే శబ్దాన్ని నేరుగా హెడ్‌ఫోన్‌లో వినిపించే డైరెక్ట్ మానిటర్ మీట నొక్కితే రెండు ఇన్‌పుట్లూ మోనోగానే వినిపిస్తాయి. అలాంటిది ఉంటే ఫోన్ సెట్టింగ్ కూడా అక్కర్లేదు. ఇక స్క్రూను గడియారం ముల్లు ఐదు నిమిషాలు కదిలినంత తిప్పండి, అంతకు మించి వద్దు. పాట వినకండి, పాట వెనకున్న బుస వినండి. ఒక వైపు తిప్పితే బుస మందమవుతూ, గొంతు గోడ అవతలికి పోతుంది. వెనక్కి తిప్పుతూ వస్తే ఒకచోట బుస ఒక్కసారిగా విచ్చుకుంటుంది, ఇసుక జల్లెడ పట్టినట్టు సన్నగా. అదే క్షణంలో గాయకుడి "స" పెదవుల దగ్గరికి వస్తుంది. అక్కడ ఆగిపోకండి. దాన్ని దాటి మళ్ళీ మందం మొదలయ్యేదాకా వెళ్ళి, రెండు మందాలకూ నడిమికి తిరిగి రండి. ఆ చోటు స్క్రూ మీద వెంట్రుక వాసి వెడల్పే ఉంటుంది. అది దొరికాక మోనో ఆపేసి రికార్డ్ చేయండి.

ఈ పని ప్రతి క్యాసెట్‌కూ చేయాలి. ఒక్కో క్యాసెట్ ఒక్కో యంత్రం మీద తయారైంది, ఆ యంత్రం హెడ్ ఎటు వాలిందో మీ హెడ్ కూడా అటే వాలాలి. అందుకే "ఫ్యాక్టరీ సెట్టింగ్ మార్చకూడదు" అనే సలహా నాకు నచ్చదు. కొత్త క్యాసెట్ రికార్డ్ చేసుకునేవాడికి ఆ నియమం సరే, పాతవి వినేవాడికి కాదు.

బుస తగ్గించే డాల్బీ మీట ఉంటే, స్క్రూ తిప్పేటప్పుడు ఆపేయండి. హెడ్ వాలుతో పోయిన పదునును డాల్బీ-బీ ఇంకా కోసేస్తుంది. క్యాసెట్ మీద జంట "డి" గుర్తు లేకపోతే రికార్డింగ్‌లో కూడా దాని అవసరం లేదు.

క్యాసెట్ పెట్టే ముందు నాలుగు చూడండి. వెనక అంచున రెండు ప్లాస్టిక్ పళ్ళు విరగకుండా ఉంటే విరిచేయండి, పొరపాటున రికార్డ్ మీట పడినా పాట చెరగదు. కిటికీ వెనక టేపు చుట్ట అంచుల్లో తెల్లటి పొడి కనిపిస్తే బూజు, దాన్ని యంత్రంలో పెడితే మిగతా ముప్పైతొమ్మిదికీ అంటిస్తారు. మధ్యలో రేకు మీద ఉండి టేపును హెడ్‌కి నొక్కే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోతే పాట మసకబారి ఆగాగి వస్తుంది. పనికిరాని క్యాసెట్ నుంచి ఆ రేకు తీసి వేయొచ్చు, ఐదు స్క్రూల డబ్బా అయితే పది నిమిషాల పని. ఏళ్ళుగా కదలని టేపును ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి చుట్టి వెనక్కి తెచ్చాకే ప్లే చేయండి. సీ-120 (రెండు వైపులా కలిపి 120 నిమిషాలది) టేపు మందం 9 మైక్రాన్లే, దాన్ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకుండా నెమ్మదిగా ప్లేలోనే పోనివ్వండి.

శ్రుతి తేడాగా ఉంటే ట్యూనర్ యాప్‌తో చూడండి. ఒక స్వరస్థానం తప్పాలంటే వేగం దాదాపు 6 శాతం మారాలి. తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే మోటారు వెనక రంధ్రంలోని మరను తిప్పి సరిచేయొచ్చు, లేదా తర్వాత యాప్‌లో సరిదిద్దొచ్చు. గొంతు ఊయల ఊగుతుంటే బెల్టు సాగింది. దాన్ని రికార్డ్ చేశాక సరిదిద్దడం తలనొప్పి, ముందే బెల్టు మార్చండి.

రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24-బిట్, వేవ్ ఫైల్. నిమిషానికి 17.3 ఎంబీ, మీ నలభైయ్యీ సీ-60లు అయితే 41 జీబీ దాటుతుంది. ముందే చోటు చూసుకోండి. గరిష్ఠ స్థాయి మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంటే చాలు. ఎర్రదీపం వెలిగేదాకా పెంచడం క్యాసెట్ల మీద రికార్డ్ చేసే రోజుల అలవాటు, 24-బిట్‌లో దాని వల్ల నష్టమే. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగుతుంది. చార్జర్ పెట్టగానే గుంయ్‌మనే హోరు మొదలైతే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల కరెంటు దారులు ఒకదానితో ఒకటి కలిసి పుట్టే హోరు. టేప్ రికార్డర్‌ను బ్యాటరీల మీద నడపండి, పోతుంది.

ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మామూలుగా అందులో పాట పొడవు 8 బార్లకే కట్టేసి ఉంటుంది. క్యాసెట్ పెట్టి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి కొన్ని సెకన్ల ముక్కే మిగులుతుంది. సెక్షన్ పొడవును ఆటోమేటిక్ చేయండి, ఇన్‌పుట్‌ను 1, 2 కలిపి స్టీరియోగా ఎంచుకోండి, మెట్రోనోమ్ ఆపేయండి.

బుస తీసే యాప్‌ల గురించి నా మాట వింటే అసలు ఫైలు మీద వాటిని ప్రయోగించొద్దు. కాపీ మీద ఆరేడు డెసిబెల్స్ తగ్గించి చూడండి, అంతే. ఇరవై తగ్గిస్తే బుసతో పాటు తంబురా నాదం, గాయకుడి ఊపిరి కూడా పోయి పాట నీళ్ళలో మునిగి పాడినట్టు అవుతుంది. ఇంతా చేసి ఆ పాట స్ట్రీమింగ్‌లో దొరుకుతుందిగా అంటారేమో. దొరికినా ఒక్కోసారి అది తర్వాత మళ్ళీ పాడించినది, లేదా స్థాయి అంతా పైకి నొక్కేసిన రీమాస్టర్. పేరు ఒకటే అయినా మీరు విన్న పాట అది కాకపోవచ్చు. నిడివి పోల్చి చూడండి, కొన్ని సెకన్ల తేడా ఉంటే అనుమానించాల్సిందే.

మీది ఆటో రివర్స్ టేప్ రికార్డర్ అయితే బీ సైడ్‌కు దాన్ని నమ్మొద్దు. తిరిగేటప్పుడు హెడ్ వాలు మారుతుంది, కొన్నిటిలో రెండు దిశలకూ రెండు వేర్వేరు స్క్రూలుంటాయి. క్యాసెట్‌ను చేత్తో తిరగేసి ముందు దిశలోనే నడిపించి, ఆ సైడ్‌కు కూడా స్క్రూ ఒకసారి సరిచూసుకోండి.